ముత్తమ్మ ముఖం, మూడు ప్రింటర్లు

2008 జూన్‌లో నన్ను కల్లూరు నుంచి అడవి అంచున ఉన్న ఒక మండలానికి సర్వేయరుగా బదిలీ చేశారు. చండ్రుగొండ దాటి లోపలికి పోయేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు దగ్గరపడతాయి. అలాంటి చోట ఆ మండలం ఉంటుంది. పేరు రాయను. అక్కడ నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు.

మండల సర్వేయరు ఉద్యోగం గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. పరిపాలన విషయాల్లో తహసీల్దారు కింద, సాంకేతిక విషయాల్లో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ సర్వే కింద ఉంటాం. ఇద్దరూ ఒకే రోజు పిలిస్తే తప్ప ఇబ్బంది లేని కొలువు. అప్పటికి నాది ఇరవై రెండేళ్ల సర్వీసు. గొలుసు లాగి కొలవడంతో మొదలుపెట్టి, చేతిలో పట్టుకునే జీపీఎస్ యంత్రం దాకా వచ్చాను. కొలతల్లో తికమక పడ్డ రోజులు తక్కువే. నాకేమీ అర్థంకాక తిరిగిన రెండు నెలలంటూ ఉంటే అవి భూమి గురించి కాదు, ఫొటోలు అచ్చువేసే ప్రింటర్ గురించి.

ఆ ఏడాది మాకు వచ్చిన పెద్ద పని అటవీ హక్కుల చట్టం కింద పోడు భూముల సర్వే. పోడు అంటే అడవి నరికి చదును చేసుకొని తరాలుగా సాగుచేస్తున్న భూమి. ఆ భూమి మీద హక్కు కోరే కుటుంబం ముందు గ్రామసభకు అర్జీ పెట్టుకోవాలి. గ్రామసభ ఎన్నుకున్న కమిటీ సమక్షంలో నేను జీపీఎస్‌తో హద్దులు నడిచి, పటం గీసి, విస్తీర్ణం తేల్చాలి. ఆ తర్వాత కాగితాలు డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడినుంచి జిల్లా కమిటీకి పోతాయి. మా దగ్గర ఒక్కో అర్జీకి ఒక్కో షీటు తయారుచేసేవాళ్లం. పైన ఫొటో, మధ్యలో పేరు, ఊరు, పుట్టుమచ్చల వివరాలు, కింద నేను గీసిన పటం. భార్యాభర్తలిద్దరూ ఉంటే ఇద్దరి ఫొటో కలిపి ఉండాలి. హక్కు ఇద్దరిదీ కాబట్టి.

నాకు అప్పగించిన గూడేల్లో ఒకదానిలో నలభై మూడు అర్జీలు. కోయ కుటుంబాలు. అందులో పూనెం ముత్తమ్మ ఒకతె. అరవై దాటిన మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు. గుట్ట వాలులో రెండున్నర ఎకరాల్లో జొన్న, కంది వేసేది. ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు. ఆమె భూమి కొలిచిన రోజు నాకు బాగా గుర్తు. యంత్రం పట్టుకొని నేను వెనక నడిచాను, ఆమె ముందు నడిచింది. పొదల్లో దాగిన ప్రతి హద్దు రాయినీ కాలితో తట్టి చూపించింది. కమిటీవాళ్లలో ఒక్కరు కూడా ఆమె మాటకు అడ్డు చెప్పలేదు. కొలత పూర్తయ్యాక, "అయిపోయిందా సారూ? గింతేనా?" అని అడిగింది. అంతే అన్నాను. అక్కడితో అయిపోతుందనే అనుకున్నాను.

మొదట ఫొటోలు గమ్ముతో అంటించాం. గూడెంలో స్టూడియో లేదు గనుక నా సొంత డిజిటల్ కెమెరాతో నేనే తీసి, ఖమ్మంలో కడిగించి తెచ్చాను. జూలై తేమకు గమ్ము వదిలింది. ఆఫీసు బీరువాలో కట్ట విప్పేసరికి అడుగున ఫొటోలు రాలి ఉన్నాయి. మా అటెండరు మంచికే అనుకొని వాటిని తిరిగి అంటించాడు. ముత్తమ్మ షీటు మీద ఎవరో మొగుడూపెళ్లాల ఫొటో, వాళ్ల షీటు మీద ముత్తమ్మ. తహసీల్దారు మేడం సంతకానికి తీసుకున్నప్పుడు ఆమె కంటబడింది కాబట్టి సరిపోయింది.

మేడం ఆ రోజే ఒక నిర్ణయం చెప్పారు. ఇకమీదట ఫొటో అంటించడం ఉండదు, షీటు మీదనే అచ్చు కావాలి, పేరూ ఫొటో పటమూ ఒకే కాగితం మీద ఒకేసారి. మంచి నిర్ణయం. దాన్ని అమలుచేసే బాధ్యత నాది.

ఆఫీసులో ఉన్నది నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్. ఆదాయ, కుల ధ్రువపత్రాలు కొట్టీ కొట్టీ అలిసిపోయిన యంత్రం. దానిమీద మొదటి షీటు తీస్తే ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద వచ్చింది. చీర అంచు తెలుస్తోంది, చెవికమ్మ తెలుస్తోంది, మనిషి తెలియడం లేదు. మేడం చూసి, "ఇది ఎవరైనా కావచ్చు. కలర్‌లో తీయించండి" అన్నారు. కలర్ ప్రింటర్ మంజూరుకు రాస్తే వచ్చేసరికి ఏడాది తిరుగుతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మేము మండల కేంద్రంలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఇంటర్ చదివే మా అమ్మాయి కోసం కొన్న కంప్యూటరు, చిన్న ఇంక్‌జెట్ ప్రింటర్ ఇంట్లో ఉన్నాయి. ఇంక్‌జెట్ అంటే సన్నటి సూదిరంధ్రాల్లోంచి రంగునీళ్లు కాగితం మీద చల్లే రకం. దాంతో నాలుగు రోజులు కూర్చొని నలభై మూడు షీట్లు తీశాను. ముఖాలు కొంచెం నల్లగా వచ్చినా గుర్తుపట్టే స్థితిలోనే ఉన్నాయనిపించింది. గ్రామసభలో కమిటీ సంతకాల కోసం వాటిని సంచిలో పెట్టుకొని మోటారు సైకిల్ మీద బయలుదేరాను. వాగు దాటుతుంటే బండి ఒక పక్కకు ఒరిగింది. నాకేమీ కాలేదు. సంచి మాత్రం మోకాలి లోతు నీళ్లలో మునిగి తేలింది. ఒడ్డుకు చేరి విప్పి చూస్తే నలభై మూడు షీట్లలో పటాలు మరకలు, ముఖాలు రంగునీళ్లు. ఒక కాగితం మీది ఎరుపు ఇంకో కాగితం మీదికి దిగింది.

కమిటీ అధ్యక్షుడు వాటిని చూసి, "సారూ, మా ఇండ్లన్ని గడ్డి కప్పులు. గీ కాగితం రేపు మాకిచ్చినంక వానకు ఒక్క సుక్క పడ్డా గిట్లనే అయితదా?" అని అడిగాడు. నీళ్లకు కరగని కలర్ ప్రింటు కావాలి. అక్కడ మొదలైంది నా తిరుగుడు.

ఖమ్మంలో కంప్యూటర్ దుకాణాలుండే వీధిలో మొదట ఎక్కిన దుకాణాయన విషయం వినకముందే నవ్వాడు. "ఫొటోలకు లేజర్ ఎవరన్న కొంటరా సార్? ఇంక్‌జెట్ తీస్కపోండ్రి" అన్నాడు. వాగు సంగతి చెప్పాను. "గట్లయితే ఫొటో పేపర్ మీద కొట్టి లామినేషన్ చేయించుండ్రి" అన్నాడు. లామినేషన్ చేస్తే కమిటీ వేలిముద్రలు, మేడం సంతకం, సీలు ఎక్కడ వేయాలి? అది చెప్తే ఆయనకు విసుగొచ్చి ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

రెండో దుకాణాయన అంతకంటే ఓపిక ఉన్నవాడు. "ఇంక్‌జెట్ కథ అయిపోయింది సార్. ఇగ అంత కలర్ లేజరే" అన్నాడు. లేజర్‌లో నీళ్లరంగు ఉండదట. టోనర్ అనే రంగుపొడి ఉంటుందట. నలుపు, నీలం, గులాబీ, పసుపు, నాలుగు డబ్బాలు. ఆ పొడిని వేడి రోలరు కాగితానికి కరిగించి అతికిస్తుంది కాబట్టి తడిసినా పోదట. ఇది నాకు అర్థమైంది. తర్వాత చెప్పిందేదీ అర్థం కాలేదు. అంగుళానికి ఎన్ని చుక్కలు, నిమిషానికి ఎన్ని పేజీలు, డ్రమ్ము విడిగా ఉంటుందా డబ్బాలోనే ఉంటుందా అని వరసగా చెప్పుకుపోయాడు. ఒక యంత్రం మీద ఆరువందల చుక్కలని ఉంది, దాని పక్కదాని మీద రెండువేల నాలుగువందలని ఉంది. ఎక్కువ చుక్కలది తక్కువ ధరకు, తక్కువ చుక్కలది ఎక్కువ ధరకు ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. "అది వేరే రెండువేల నాలుగువందలు సార్" అన్నాడు. ఇరవై రెండేళ్లు కొలతలతో బతికిన మనిషిని నేను. ఒక అంకె ఇంకో రకం అంకె అయ్యే సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

నమూనా ప్రింటు చూపించాడు. రామచిలుక, పళ్ల బుట్ట, తెల్లటి టోపీ పెట్టుకున్న ఎర్రటి పసిపాప. చాలా బాగున్నాయి. నేను ప్రింటు చేయాల్సినవాళ్లలో అలాంటి ముఖం ఒక్కటీ లేదన్న సంగతి బస్సెక్కాక గానీ నాకు తట్టలేదు.

ఇంటికొచ్చి నోటుబుక్కులో గళ్లు గీసి పోల్చడం మొదలుపెట్టాను. పక్కకు యంత్రాల పేర్లు, పైన గుణాలు. ఒక రోజు ఒకటి నెగ్గేది, మరునాడు ఇంకోటి. మా ఆవిడ సుశీల మధిర వైపు మనిషి. ఆ పుస్తకం చూసి, "ఏమండీ, సంబంధాలు చూస్తున్నట్టు చూస్తున్నారు. అసలు ఆఫీసు పనికి మనింట్లో ఇంకో ప్రింటరెందుకండీ?" అంది. అమ్మాయి చదువుకు కూడా పనికొస్తుంది కదా అన్నాను. "అమ్మాయికి కలర్ ఎందుకు? అది రాసేది లెక్కలు" అంది. నిజమే. నా దగ్గర ఉన్నది కారణం కాదు, పట్టుదల.

కొత్తగూడెంలో సత్యం అని నా పాత స్నేహితుడు డీటీపీ సెంటర్ నడిపేవాడు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు కొట్టే చోటు. అతన్ని అడిగితే ఇంకోలా మాట్లాడాడు. "ప్రింటర్ సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందుగల్ల నువ్వు తీసిన ఫొటో పట్టుకరా. చూస్త" అన్నాడు. ఫొటోలు బాగానే ఉన్నాయి, స్క్రీన్ మీద చూశానుగా అన్నాను. "స్క్రీన్ మీద అందరు బాగనే ఉంటరు" అని నవ్వాడు. ఆ మాట అక్కడే పట్టించుకొని ఉంటే ఈ వ్యాసం రాసే పని పడేది కాదు. అప్పటికే ఇద్దరు రెండు రకాలుగా చెప్పి ఉండటంతో మూడో మాట నా చెవికెక్కలేదు.

చివరికి ఆగస్టు మధ్యలో ఒక కలర్ లేజర్ కొన్నాను. ఏ కారణంతో దాన్నే ఎంచుకున్నానంటే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. దుకాణంలో ఆ రోజు అది ఒక్కటే స్టాకు ఉంది. ఆటోలో, బస్సులో, మళ్లీ ఆటోలో ఇల్లు చేరింది. ఇద్దరం పట్టుకున్నా బరువే. ప్లగ్గు పెట్టగానే యూపీఎస్ కీచుమని అరిచి ఆగిపోయింది. రోలరు వేడెక్కేటప్పుడు ఆ యంత్రం ఎంత కరెంటు లాగుతుందో మాకెవరూ చెప్పలేదు. నేరుగా గోడ ప్లగ్గుకు పెడితే ఇంట్లో ఫ్యాను ఒక్క క్షణం నెమ్మదించి మళ్లీ అందుకునేది.

మొదటి షీటు వేడివేడిగా బయటికొచ్చింది. సుశీల దాన్ని తీసుకుపోయి కుళాయి కింద పట్టింది. రెండు నిమిషాలు పట్టి, చీరకొంగుతో అద్ది తెచ్చి బల్లమీద పెట్టింది. రంగు చెదరలేదు, గీత చెదరలేదు. "ఇదొక్కటి నిజమేనండీ" అంది. నాకు గొప్ప సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ముఖం వైపు చూడటానికి కొంతసేపు పట్టింది.

ముఖం నల్లగా ఉంది. ఆఫీసు ప్రింటర్‌లో వచ్చినంత ముద్ద కాదు గానీ, కళ్లు రెండు తెల్ల చుక్కలు, మిగతాదంతా ఎర్రటి నలుపు. అదే ఫొటో స్క్రీన్ మీద చూస్తే బాగానే ఉంది. యంత్రంలో లోపమా, కాగితంలోనా, నాలోనా? రెండో దుకాణాయనకు ఫోన్ చేస్తే, "మామూలు కాగితం మీద గట్లనే వస్తది సార్, మెరుపు కాగితం పెట్టుండ్రి" అన్నాడు. ఇంట్లో ఇంక్‌జెట్‌కు కొన్న మెరుపు ఫొటో కాగితం ఉంది. అది పెట్టాను. లోపలికి పోయింది, బయటికి రాలేదు. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఆ కాగితం మీది పూత ఇంక్‌జెట్ కోసం చేసింది, లేజర్ రోలరు వేడికి కరిగి దానికే అతుక్కుపోతుందని ఖమ్మం నుంచి వచ్చిన మెకానిక్ తర్వాత చెప్పాడు. "మెరుపు కాగితం అంటే గీ మెరుపు కాగితం కాదు సార్" అన్నాడు. ఆ యంత్రంతో నాకున్న సంబంధమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఏదీ అదే కాదు.

రోలరు మార్చి యంత్రాన్ని బాగుచేసేసరికి సెప్టెంబరు వచ్చింది. డివిజన్ నుంచి పరిశీలనాధికారి వచ్చే తేదీ ఖాయమైంది. ఇక ఎవరినీ అడగలేదు. కంప్యూటరులో ఫొటోలను తెల్లబరిచే సదుపాయం ఉంది. ఒక గీత మీద బొత్తాన్ని కుడివైపు జరిపితే ముఖం తేటపడుతుంది. జరిపాను. చాలలేదు, ఇంకా జరిపాను. ముఖాల మీద గరుకు చుక్కలు లేచాయి. వాటిని నున్నగా చేసే ఇంకో బొత్తాం ఉంది, అదీ నొక్కాను. కరెంటు ఉన్న పొద్దుటి వేళల్లో నాలుగు రోజుల్లో నలభై మూడూ అయ్యాయి. ముఖాలు ముఖాల్లా ఉన్నాయి. కట్టకట్టి మేడంకు ఇచ్చాను. ఆమె తిరగేసి, "శుభ్రంగా వచ్చాయి. కమిటీ సంతకాలు పరిశీలన రోజే తీసుకుందాం" అన్నారు.

పరిశీలన గూడెంలోనే జరిగింది. బడి వరండాలో బల్ల వేశారు. పరిశీలనాధికారి వయసులో నాకంటే చిన్నవాడు, పనిలో కచ్చితమైనవాడు. పద్ధతి ఇదీ: షీటు పైకెత్తి పేరు పిలుస్తారు, మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి, ముఖంతో ఫొటోను, ఒంటిమీది గుర్తులతో షీటులోని వివరాలను సరిచూడాలి. సరిపోతే కుడివైపు కట్టలోకి, అనుమానం ఉంటే ఎడమవైపు.

దంపతుల షీట్లు చాలావరకు కుడివైపే పోయాయి. ఇద్దరిలో ఒకరి ముఖానికైనా పోలిక కుదిరేది. మీసమో, చెవిపోగో ఆసరా అయ్యేది. ఒంటరివాళ్ల దగ్గరకు వచ్చేసరికి పని ఆగడం మొదలైంది. వాళ్లకు ఉన్నది ఒకే ముఖం.

ముత్తమ్మను పిలిచారు. ఆమె వచ్చి నిలబడింది. అధికారి షీటు చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ షీటు చూశాడు. "గుర్తుల దగ్గర నుదుటన మూడు చుక్కల పచ్చబొట్టు అని రాశారు. ఫొటోలో ఏదీ?" అని నన్నడిగాడు. నేను వంగి చూశాను. లేదు. నేను నున్నగా చేసిన నుదుటి మీద పచ్చబొట్టు లేదు, ముడతలు లేవు, ఎడమ చెంప మీది గాటు లేదు. గోధుమ రంగు ముఖంతో నలభై ఏళ్ల ఆడమనిషి ఎవరో అందులోంచి చూస్తోంది. ఎదురుగా నిలబడ్డ ముత్తమ్మ నుదుటన మూడు చుక్కలూ స్పష్టంగా ఉన్నాయి.

ముత్తమ్మ షీటు తనవైపు తిప్పమని సైగచేసింది. తిప్పాను. చాలాసేపు చూసి, "ఏంది సారూ, గీమె ఎవలు?" అంది.

"నువ్వే ముత్తమ్మా" అన్నాను.

"నేను కాదు" అంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. వెనక నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అడిగింది. ఆ చెల్లెలూ చూసి తల అడ్డంగా ఊపింది. "నా భూమికి గీమె బొమ్మ ఎందుకు పెట్టిండ్రు? రేపు గీమె వచ్చి నాదంటే?" అని ముత్తమ్మ నన్నే అడిగింది. గొంతు పెద్దది చేయలేదు. అధికారి కలం మూతపెట్టి వింటున్నాడు.

ఆమె షీటు ఎడమవైపు పోయింది. దానితో కలిపి పన్నెండు. అందులో ఏడు ఒంటరి ఆడవాళ్లవి. గుర్తింపు అనుమానం అని రాసి గ్రామసభకు తిప్పి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్లీ తీర్మానం, మళ్లీ వరస, మళ్లీ కొలత. ఈ విడతలో ఉండరు, వచ్చే విడత ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. నేను అధికారి పక్కకు వెళ్లి, తప్పు వాళ్లది కాదు, ఫొటోలను కంప్యూటరులో నేనే మార్చానని చెప్పాను. అలా ఒప్పుకోవడం వల్ల నాకు సంజాయిషీ నోటీసు వస్తుందని తెలిసే చెప్పాను. ఆయన ఎడమవైపు కట్ట నా చేతికిచ్చి, "వారం. కొత్త షీట్లు, మీరు ఏం మార్చారో రాతపూర్వకంగా. ఫొటోలో పచ్చబొట్టు కనిపించాలి" అన్నాడు.

మర్నాడే కెమెరా తీసుకొని గూడెం పోయాను. ఏం చేయాలో మాత్రం తెలియలేదు. మార్చకపోతే నలుపు, మారిస్తే ఇంకో మనిషి. ప్రింటర్ మార్చాలా? వారంలో ఎక్కడినుంచి తేవాలి? ఆ ఆలోచనలోనే ఎప్పటిలా బడి ముందు ఎండలో రెండు కర్రలు పాతి తెల్ల దుప్పటి కట్టాను. గుర్తింపు ఫొటోకు వెనక ఏ వస్తువూ కనిపించకూడదని నియమం. మొదటినుంచీ ఆ దుప్పటి ముందే తీస్తున్నాను.

ముత్తమ్మ వచ్చింది గానీ దుప్పటి ముందు నిలబడలేదు. చెయ్యి కళ్లకు అడ్డంపెట్టుకొని, "గా తెల్లబట్ట తియ్యి సారూ. కండ్లు తెరవనిస్తలేదు" అంది. రూల్ అని చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. "కొంగ పక్కన కాకిని నిలబెట్టి నల్లగుందంటవేంది? నేనేమన్న గంత నల్లగున్ననా? నా గోడ కాడ నిలబడత. ఆడ నా మొఖం నాకే కానొస్తది" అంది.

నేను వెనక్కి తిరిగి ఎండలో మెరుస్తున్న దుప్పటి వైపు చూశాను. కెమెరా తన ముందున్న వెలుతురునంతా కలిపి ఒక అంచనా వేసుకుంటుందని దానితోపాటు ఇచ్చిన పుస్తకంలో చదివాను. ఎదురుగా ముప్పాతిక వంతు ఎండలో మెరిసే తెల్లగుడ్డ ఉంటే అది వెలుతురు ఎక్కువైందనుకొని మొత్తాన్నీ తగ్గిస్తుంది. గుడ్డ గుడ్డలాగే ఉంటుంది, మనిషి నల్లబడుతుంది. చదివింది నాకు గుర్తుంది. కానీ నల్లబడటాన్ని ప్రింటర్ దగ్గర వెతికాను తప్ప దుప్పటి దగ్గర వెతకలేదు. మొదటి ఫొటోల్లో నలుపును ఖమ్మం స్టూడియోవాళ్లు కడిగేటప్పుడే సరిచేసి ఉంటారు. ఇంట్లో మా పాత మానిటర్ వెలుగు పూర్తిగా పెంచి ఉండటంతో స్క్రీన్ మీద ఆ నలుపు కనబడలేదు. సత్యం అన్నది ఆ మాటే.

ముత్తమ్మ ఇంటి గోడ ఎర్రమన్ను అలికిన గోడ. చూరు కింద ఎండ నేరుగా పడదు. గోడ మీద ఏ వస్తువూ లేదు కాబట్టి నియమానికీ అడ్డులేదు. ఆమె గోడకు ఆనకుండా ఒక అడుగు ముందుకు నిలబడింది, కొంగు సర్దుకుంది, కెమెరా వైపు సూటిగా చూసింది. తీసి, కెమెరా వెనక ఉన్న చిన్న తెర ఆమెకు చూపించాను. వేలితో తన నుదురు తాకింది, తర్వాత తెర మీద నుదురు తాకింది. "అవ్. గిది నేనే" అంది. మిగతా పదకొండు అర్జీలవాళ్లనూ వాళ్లవాళ్ల గోడల దగ్గరే నిలబెట్టి తీశాను. ఒక్కొక్కరికీ చూపించి, ఒప్పుకున్నాకే ముందుకు కదిలాను. దానికి ఒక పూట ఎక్కువ పట్టింది.

అదే ప్రింటర్, అదే మామూలు కాగితం. ఒక్క బొత్తాం కూడా జరపలేదు. ఫొటో స్టూడియోలో కడిగించినంత నునుపు లేదు, నీడల్లో సన్నటి చారలు ఉన్నాయి. కానీ మూడు చుక్కలు ఉన్నాయి, చెంప మీది గాటు ఉంది, మనిషి ఉంది. సుశీల ఈసారి కుళాయి దగ్గరకు పోలేదు. షీటు చేతిలోకి తీసుకొని, "ఈవిడ మిమ్మల్ని కోప్పడినట్టే ఉందండీ ఫొటోలో" అంది.

వారం గడువు లోపల పన్నెండు షీట్లూ, రాతపూర్వక వివరణా ఇచ్చాను. పరిశీలనాధికారి మళ్లీ గూడెం వచ్చి సరిచూశాడు. గుర్తింపు విషయంలో పన్నెండూ నిలిచాయి. ఆ తర్వాత జిల్లా స్థాయిలో అందులో రెండు వేరే కారణాల వల్ల తిరస్కరణకు గురయ్యాయి. ఆ కారణాలతో నాకు ఏకీభావం లేదు గానీ అది నా పరిధి కాదు. ముత్తమ్మకు మరుసటి ఏడు హక్కుపత్రం వచ్చింది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, జవాబు రాశాను, హెచ్చరికతో ముగిసింది. నా సర్వీసు రిజిస్టరులో ఆ ఒక్క హెచ్చరికే ఉంది. న్యాయమైనదే.

కలర్ లేజర్ మా ఇంట్లో ఇంకో మూడేళ్లు ఉంది. గులాబీ డబ్బా ముందు అయిపోయింది. అది ఆ ఊళ్లలో దొరికేది కాదు. చివరికి సత్యానికి ఇచ్చేశాను. ఇప్పటికీ ఎవరైనా ఇంట్లో ఫొటోలకు ఏ ప్రింటర్ కొనమంటారని అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. నీళ్లకు ఆగాలంటే లేజర్, అందంగా రావాలంటే ఇంక్‌జెట్, రెండూ కావాలంటే ఊళ్లోని స్టూడియో. చుక్కల అంకెల సంగతి నాకు ఈనాటికీ తెలియదు.

ఉద్యోగం గురించి నేర్చుకున్నది మాత్రం చెప్పగలను. తప్పు బయటపడిన చోటే తప్పు జరిగి ఉంటుందని అనుకోకూడదు. ఆఫీసు ప్రింటర్‌లోనూ, మా లేజర్‌లోనూ ముఖం నల్లగానే వచ్చింది, ఇంక్‌జెట్‌లోనూ కొంత నల్లబడింది. అప్పుడైనా యంత్రాలను వదిలి వెనక్కి నడవాల్సింది. రెండోది ఇంకా ముఖ్యం. నలభై మూడు అర్జీలవాళ్ల ముఖాలను మూడుసార్లు అచ్చువేసి తహసీల్దారుకు చూపించాను, భార్యకు చూపించాను, దుకాణదారులతో చర్చించాను. ఆ ముఖాలు ఎవరివో వాళ్లలో ఒక్కరికీ చూపించలేదు. తర్వాత ఎనిమిదేళ్ల సర్వీసులో ఏ పటమైనా, ఏ షీటైనా దాని సొంతదారు చూసి అవునన్నాకే పై ఆఫీసుకు పంపాను. అలా చేయాలని ఏ నియమావళిలోనూ లేదు.